నిప్పింటివారి పొగగొట్టం

మాణిక్యాంబ గారిని ప్రశ్న అడగడం తేలిక. జవాబు రాబట్టడమే కష్టం. ఎవరైనా వచ్చి ఎదురుగా కూర్చుని, గొంతు సవరించుకుని, ఆత్మ అంటే ఏమిటనో, కర్మ మనిషిని ఎందుకు వదలదనో అడిగితే, ఆవిడ కాసేపు వాళ్ళ కాళ్ళవంక చూసి, "బావి దగ్గర గోలెం ఖాళీగా ఉంది నాయనా, నీళ్ళు తోడి పోసిరా," అనేవారు. కొందరు నీళ్ళు తోడుతూ తమ ప్రశ్న మరిచిపోయేవారు. కొందరికి గోలెం నిండేసరికి జవాబు దొరికేది. ఎక్కువమంది మాత్రం చేతులు తుడుచుకుని, అమ్మగారికి సేవ చేశామని పొంగిపోయి ఇళ్ళకి వెళ్ళేవారు. నాగావళి ఒడ్డున ఆవిడ ఆశ్రమం అద్దంలా ఉండేదంటే ఈ మూడో రకంవాళ్ళ చలవే.

జోగినాయుడు మూడో రకం శిష్యుడు. ప్రతి ఏకాదశికీ వచ్చేవాడు. వస్తూనే చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, గోచీ బిగించి, పశువుల సావిడి ఊడ్చేవాడు, విస్తళ్ళు కుట్టేవాడు, పదిమంది తిన్న కంచాలు తోమేవాడు. అంత ఆస్తి ఉండీ ఎంత వినయమో అని తోటి శిష్యులు ముచ్చటపడేవారు. ఇంట్లో అతను తాగిన మంచినీళ్ళ గ్లాసు తాగినచోటే ఉండేది, భార్య దమయంతి వచ్చి తీసేదాకా. ఆశ్రమంలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. చెప్పడానికి దమయంతి ఏనాడూ అక్కడికి రాలేదు. పొయ్యి వదిలి రావడానికి ఆమెకి వీల్లేదు.

ఆ ఏకాదశికి మాత్రం వచ్చింది. భర్త వెనకాల నడిచి వచ్చి, స్తంభం పక్కన ఒదిగి కూర్చుంది. దర్శనానికి కాదు, తీర్పు వినడానికి.

"అమ్మా," అన్నాడు జోగినాయుడు చేతులు కట్టుకుని, "దీపం కొండెక్కితే మళ్ళీ వెలిగించుకుంటాం. ఐదు తరాల నిప్పు ఆరిపోతే, ఆర్పింది ఇంటి కోడలే అయితే, దానికి ప్రాయశ్చిత్తం ఏమిటమ్మా?"

వాళ్ళది నిప్పిల్లు. ఊళ్ళో ఇంటిపేరు చెబితే ఎవరికీ తెలియదు, నిప్పింటివారంటే కుక్క కూడా తోవ చూపిస్తుంది. అగ్గిపెట్టెలు లేని కాలంలో ఊరంతా తెల్లారేసరికి వాళ్ళ గడపలో నిలబడి, కొబ్బరి చిప్పల్లో నిప్పు పట్టుకెళ్ళేవారట. ఆ పొయ్యి అప్పట్నుంచీ ఆరలేదట. అగ్గిపెట్టెలు వచ్చాక నిప్పు అడిగేవాళ్ళు పోయారు. గొప్ప మిగిలింది. ఇంట్లోకి గ్యాసు కూడా వచ్చింది. మగవాళ్ళ కాఫీలు దాని మీద తేలిగ్గా తేలిపోయేవి. అయినా కట్టెల పొయ్యి కాగుతూనే ఉండాలి, లేకపోతే ఇంటి పేరు ఆరిపోతుంది.

పేరు మగవాళ్ళది. కాపలా ఆడవాళ్ళది. ఆ ఇంటికి కోడలైన ప్రతి ఆడదీ పడుకోబోయేముందు నిప్పుల మీద నివురు కప్పాలి, మధ్యలో లేచి చూడాలి, తెల్లారకముందే ఊదాలి. పురిటికి పుట్టింటికి పోకూడదు. చెల్లెలి పెళ్ళికి వెళ్ళినా పొద్దుగూకకముందే తిరిగి రావాలి. చావొచ్చిన ఇంట పొయ్యి వెలిగించరని లోకమంతా అంటుంది. జోగినాయుడి తండ్రి శవం వాకిట్లో ఉండగా కూడా ఆ ఇంట్లో పొయ్యి కాగింది. ఆ సంగతి జోగినాయుడు నలుగురిలో గర్వంగా చెప్పుకునేవాడు. ఆ పూట పొయ్యి ముందు కూర్చున్నది మొగుడు పోయిన అతని తల్లి నరసమ్మ అని మాత్రం చెప్పేవాడు కాదు. చెప్పాలని అతనికి తట్టి ఉండదు.

పొగలేని పొయ్యి మంచిదని ఎవరో వచ్చి ఊళ్ళో చెబితే, జోగినాయుడే ముచ్చటపడి తమ పొయ్యికి పొగగొట్టం కట్టించాడు. కట్టిన మేస్త్రీ వెళ్తూ వెళ్తూ, "నెలకోసారి పొయ్యి చల్లార్చి గొట్టం దులిపించండి బాబూ, మసి పేరుకుంటే అంటుకుంటాది," అన్నాడు. జోగినాయుడు తల ఊపాడు. చల్లారకూడని పొయ్యికి గొట్టం దులిపేదెప్పుడని మేస్త్రీ అడగలేదు, ఇతను ఆలోచించలేదు. నివురు కింద కుమిలే నిప్పుకి మంట తక్కువ, పొగ ఎక్కువ. ఆ పొగంతా గొట్టంలో తారులా పట్టుకుంది. వానాకాలం పచ్చి కట్టెలతో ఇంకాస్త పట్టుకుంది. దమయంతి చూస్తూనే ఉంది. పొగ పైకి పోవడం మానేసి ముఖం మీదికి రావడం మొదలుపెట్టాక భర్తకి చెప్పింది.

"గొట్టం మూసుకుపోతోంది. ఒక్క పూట ఆర్పుకుని దులిపిద్దామండీ."

"ఒక్క పూట ఆర్పితే ఇంక నిప్పింట్లో మిగిలేదేటే?" అన్నాడతను.

మసి అంటుకుంటే కప్పు లేచిపోతుందని మళ్ళీ చెప్పింది. మళ్ళీ అదే జవాబు. మూడోసారి చెబితే, మాటకి మాట చెప్పే అలవాటు ఎక్కడిదని అడిగాడు.

ఒక సాయంత్రం గొట్టం బుసకొట్టింది. ముందు పాము అనుకుంది దమయంతి. తర్వాత రైలు వస్తున్న చప్పుడులా పెరిగింది. తలెత్తి చూస్తే గొట్టం కప్పు దాటే చోట వాసం నల్లబడి పొగలు కక్కుతోంది. ఆమె కట్టెలు బయటికి లాగింది, పొయ్యిలో ఇసక కుమ్మరించింది, తడిపిన గోనెతో పొయ్యి నోరు మూసింది. గాలి అందక గొట్టంలో మంట చచ్చింది. పొయ్యిలో నిప్పూ చచ్చింది. వాసం సగం కాలి నిలబడింది. ఇల్లు నిలబడింది. పక్కగదిలో నిద్రపోతున్న కూతురు పైడి కూడా మిగిలింది.

వాకిట్లోకి వచ్చి, "పొయ్యి ఆర్పేశాను," అంది దమయంతి, అందరూ వినేలా.

అదీ ఆమె చేసిన నేరం. నరసమ్మ కోడల్ని చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయి, చెవిలో అంది: "ఓలమ్మ ఓలమ్మ! పిచ్చిమొకమా, నిప్పన్నాక ఆరదేటే? ఆరితే అగ్గిపుల్ల గీసుకోవాల గాని మగోళ్ళకి సెప్తారేటి?"

దమయంతి అత్త ముఖంలోకి చూసింది. పొగకి పూలు పట్టిన ఆ కళ్ళలో సిగ్గు లేదు. ఒక పని బాగా వచ్చినవాళ్ళకి, రానివాళ్ళని చూస్తే వచ్చే విసుగు మాత్రం ఉంది. "మీ ఆయనకి అనీకు ఈ మాట," అంది నరసమ్మ. "ఆడు తట్టుకోలేడు."

మర్నాడు పురోహితుణ్ణి పిలిచి తాత్కాలికంగా నిప్పు రాజేయించారు. దమయంతి పొయ్యి ముట్టకూడదన్నారు. కాపలాకి పైడిని కూర్చోబెట్టారు. బడి నాలుగు రోజులు మానితే ఏమవుతుందన్నారు. గొట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. వంశగౌరవం గురించి పెద్దలు మాట్లాడుకుంటున్న చోట మసి గురించి ఎత్తడం మర్యాదగా ఉండదు. దమయంతి ఎత్తితే, నోరు మూసుకోమన్నారు. ఇక మిగిలింది అమ్మగారి తీర్పు, అదేమిటో ఇంట్లో ముందే అనుకున్నారు. కర్పూరం వెలిగించి, నా చేతిలో ఈ నిప్పు ఇంకెప్పుడూ ఆరదని దమయంతి ఒట్టు వెయ్యాలి. లేదా పుట్టింటికి పోవాలి. పోతే పైడి ఇక్కడే ఉంటుంది.

ఇంట్లోంచి బయల్దేరేముందు దమయంతి కూతురి పక్కన గొంతుక్కూర్చుని, "గొట్టంలో చప్పుడొస్తే పరిగెత్తు. మీ నాయనమ్మ పిలిచినా ఆగకు," అని చెప్పింది. పైడి ఊదుగొట్టం పట్టుకుని దగ్గుతూ తల ఊపింది.

జోగినాయుడు ఇదంతా తనకి కనబడినట్టు చెప్పాడు. అందులో గొట్టం లేదు, బుస లేదు, కాలిన వాసం లేదు. కోడలి అహంకారం ఉంది, ఐదు తరాలు ఉన్నాయి. మాణిక్యాంబ గారు మధ్యలో ఒక్కసారి దమయంతి వైపు చూశారు. దమయంతి తన అరచేతుల్ని చూసుకుంటోంది. తడిగోనె అదిమినప్పుడు లేచిన బొబ్బలు వాటిమీద ఇంకా మానలేదు.

"ఇప్పుడు పొయ్యి దగ్గర ఎవరున్నారు?" అన్నారు ఆవిడ.

"మా పిల్లమ్మా. ఇంటి రక్తం కదా, దోషం తీరేదాకా పరాయి చెయ్యి తగలకూడదన్నారు."

"ఆ పొయ్యి గొట్టం మసితో మూసుకుపోయిందమ్మా," అంది దమయంతి స్తంభం పక్కనుంచి.

ఆవిడ జోగినాయుడి కాళ్ళవంక చూశారు. "సరే. ఏకాదశి కదా, మా పొయ్యి చల్లారి ఉంది. గొట్టం దులపాలి. రా నాయనా."

జోగినాయుడికి పండగలా ఉంది. అమ్మగారు స్వయంగా చెప్పిన సేవ. కొబ్బరి పీచూ ముళ్ళకంపా చివర గుత్తిలా కట్టిన పొడుగాటి వెదురు కర్ర తీసుకుని, నిచ్చెన వేసుకుని కప్పెక్కాడు. ఆవిడ కింద పొయ్యి నోటికి గోనె అడ్డం కట్టించారు, పక్కనున్న ఎండుకట్టెలు అవతలికి జరిపించారు. కర్ర గొట్టంలోకి దిగింది. మొదట పొడిపొడిగా, తర్వాత పెళ్ళలు పెళ్ళలుగా మసి రాలింది. అతను కిందికి దిగేసరికి ముఖం నల్లగా, పళ్ళు తెల్లగా ఉన్నాయి. గోనె విప్పి చూసి బుగ్గలు నొక్కుకున్నాడు.

"అమ్మా, ఇంత మసే! రెండు వారాలకే?"

"వదిలేస్తే ఏమవుతుంది?"

"వదిలేస్తే ఇంకేమన్నా ఉందా! గొట్టం మూసుకుపోదూ? పొగ వెనక్కి తంతుంది. ఎప్పుడో ఒకనాడు మసే అంటుకుంటుంది, కప్పు లేచిపోతుంది. చల్లార్చి దులపడమే మందు." ఒక్క క్షణం ఆగి, కళ్ళు పెద్దవి చేసి అన్నాడు: "ఎంత ముందుచూపమ్మా మీది!"

స్తంభం పక్కన దమయంతి చెవులు గింగురుమన్నాయి. ఆ మాటలు ఆమెవే. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఆమె నోట్లోంచి వచ్చినప్పుడు అవి పొగరు. ఆశ్రమం గొట్టంలోంచి రాలితే ముందుచూపు.

"మరి మీ ఇంట్లోనో?" అన్నారు మాణిక్యాంబ గారు.

"అది వేరమ్మా," అన్నాడు జోగినాయుడు చప్పున, నల్లటి చేతులు జోడించి. "ఇక్కడ నియమం లేదు, ఆర్పుకోవచ్చు. మాది నియమం."

ఆవిడ అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగించారు. మంట నిటారుగా లేచింది, పొగ దారి తప్పకుండా పైకి పోయింది. ఉపవాసం పేరు చెప్పి అందరూ ఉప్మా తిన్నారు. జోగినాయుడి ఉపవాసం మూడు మారుల దాకా సాగింది. తర్వాత ఆవిడ పొయ్యిలోంచి నాలుగు నిప్పులు ఒక మట్టిపిడతలోకి తీసి, పైన నివురు కప్పి, అతని ముందు పెట్టారు.

"సాయంత్రం బస్సుదాకా దీన్ని చూడు. దారిలో చూడు. ఇంటికెళ్ళాక పొయ్యిలో వేసి అక్కడా చూడు. ఇంటి రక్తమే చూడాలన్నావు, నీ ఒంట్లోనూ ఉంది కదా. ఇది ఆరకపోతే నీ ప్రశ్నకి జవాబు దొరికినట్టే."

జోగినాయుడి కళ్ళు చెమర్చాయి. ఆశ్రమం నిప్పు తన ఇంటి నిప్పులో కలవబోతోంది. ఊళ్ళో ఇంకెవరికి దక్కింది ఈ భాగ్యం? పిడతని అరుగు మీద పెట్టుకుని, తాటాకు విసనకర్ర చేత్తో పట్టుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

దమయంతి వంటింటి గుమ్మం లోపల మాణిక్యాంబ గారి పక్కన కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. అక్కడినుంచి అరుగు కనిపిస్తుంది. అతను కాసేపు విసిరాడు. విసనకర్ర చేతులు మార్చుకున్నాడు. ఒకసారి నివురు కదిపి చూసి తృప్తిపడ్డాడు. ఎండ వాలి, నది మీదినుంచి గాలి తిరిగింది. తువ్వాలు మడిచి తలకింద పెట్టుకున్నాడు, నడుం వాల్చడానికి కాదన్నట్టు. తర్వాత గురక వినిపించింది.

దమయంతి చేతులు ఆగిపోయాయి. పిడత మీద నివురు తెల్లబడుతోంది. అంత దూరం నుంచి కూడా ఆమెకి తెలుస్తుంది, కింద ఎర్రదనం ఎంత మిగిలిందో. పెళ్ళయిన నాటినుంచి ఆమె నేర్చుకున్న విద్య అదొక్కటే. తనకి తెలియకుండానే లేచి నిలబడింది, నోరు ఊదడానికి సున్నాలా చుట్టుకుంది. మాణిక్యాంబ గారు ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"ఎక్కడికి?"

"ఆరిపోతోందమ్మా."

"ఎవరి నిప్పు?"

దమయంతి పిడత వైపు ఒకసారి చూసింది. కూర్చుంది. కూర్చోవడం ఎంత కష్టమో ఆవేళే తెలిసింది ఆమెకి. వదిలెయ్యమని చెప్పేదాకా పట్టుకుని ఉన్నామని కూడా తెలియని పిడికిలి ఒకటుంటుంది.

జోగినాయుడు ఉలిక్కిపడి లేచాడు. పుల్లతో నివురు కెలికాడు. ఇంకా కెలికాడు. అడుగుదాకా బూడిదే. వేలు పెట్టి చూసి, వేలు వెనక్కి తీసుకోలేదు, అంత చల్లగా ఉంది. కూర్చున్నచోటే వెనక్కీ ముందుకీ చూశాడు. సావిడి వైపు చూశాడు. వంటింటి గుమ్మం లోపల చీకటిగా ఉంది, అతనికి ఎవరూ కనబడలేదు. పిల్లిలా లేచి, కొక్కేనికి ఉన్న చొక్కా జేబులోంచి, చుట్ట కాల్చుకునే అగ్గిపెట్టె తీశాడు. చారెడు కొబ్బరి పీచు, రెండు బొగ్గులు. గీశాడు. అరచేతులు అడ్డం పెట్టి ఊదాడు, దగ్గాడు, మళ్ళీ ఊదాడు. ఎర్రబడింది. పైన నివురు కప్పి, మూతి తుడుచుకుని, ముఖం మామూలుగా పెట్టుకున్నాడు. ఆ మామూలు ముఖం దమయంతికి తెలుసు. అచ్చం అతని తల్లి ముఖం.

బస్సు వేళకి పిడత రెండు చేతులతో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "సెలవు ఇప్పించండమ్మా."

"నిప్పు ఉందా?"

"మీ దయవల్ల ఉందమ్మా."

"నేనిచ్చినదేనా?"

"అదేనమ్మా," అన్నాడు జోగినాయుడు. గొంతు తడబడలేదు.

"ఐదు తరాల ఇల్లు కదా," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

గేటు దాకా ఇద్దరూ నడిచారు. జోగినాయుడు రెండుసార్లు భార్యవంక ఓరగా చూశాడు. ఆమె ఎప్పటిలా నాలుగడుగుల వెనక లేదు, పక్కన నడుస్తోంది. అదొకటి ఇబ్బందిగా ఉంది అతనికి.

"చూశావేటి?" అన్నాడు చివరికి.

"చూశాను."

కొంచెం దూరం నడిచాక గొంతు తగ్గించి అన్నాడు: "మా అమ్మకి అనకు. పెద్దది, తట్టుకోలేదు."

దమయంతి నవ్వింది. ఆపుకుందామనుకుంది గాని, ఇన్నేళ్ళ పొగ ఒక్కసారి బయటికొచ్చినట్టు వచ్చింది ఆ నవ్వు. కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వి, కొంగుతో తుడుచుకుంది.

"మీ అమ్మ కూడా మీకు అనొద్దంది. మీరు తట్టుకోలేరట."

"ఏటి అనొద్దంది?"

"ఉప్పు జాడీ వెనక అగ్గిపెట్టె ఉంటుంది. ఎప్పుడైనా చూశారా? మీరెందుకు చూస్తారు లెండి, ఉప్పు మీ విస్తట్లోకే వస్తుంది. నేను కాపరానికి వచ్చేసరికే ఉందది. మీ అమ్మ వచ్చేసరికీ ఉందట. నిప్పు ఆరినప్పుడల్లా గీసుకోడానికి మీ నాయనమ్మ పెట్టిందట. నిప్పు ఆరని ఇల్లు కాదండీ మీది. ఆరిందని చెప్పిన ఆడది లేని ఇల్లు. నేనొక్కదాన్నే చెప్పాను."

జోగినాయుడు రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. చేతిలో పిడత వేడిగా ఉంది. అతని నల్లటి ముఖం మీద చెమట చారలు కట్టింది. తండ్రి శవం వాకిట్లో ఉన్న రోజు గుర్తొచ్చిందో, గ్లాసు గుర్తొచ్చిందో, ఏమీ గుర్తురాక భయం మాత్రమే వేసిందో, దమయంతికి తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఇన్నాళ్ళూ అతని ముఖం చూసి అతని మనసు తెలుసుకోవడమే ఆమె పని. ఆ పని కూడా ఆమెకి విసుగొచ్చింది.

అతను వెనక్కి తిరిగాడు. ఆమె వెంట నడిచింది.

మాణిక్యాంబ గారు వంటింటి ముందే ఉన్నారు, ఇనప బాల్చీలోకి బూడిద ఎత్తుతున్నారు.

"అమ్మా, నిప్పు ఆరిపోయింది. నేను నిద్రపోయాను. అగ్గిపుల్ల గీసింది నేనే." చెప్పేసి ఊపిరి పీల్చుకున్నాడు. తిట్టు కోసం ఎదురుచూశాడు. తిట్టు రాకపోయేసరికి, అలవాటైన దారిలోనే పోయింది అతని బుద్ధి. "మరి ఇప్పుడు ప్రాయశ్చిత్తం ఏమిటమ్మా?"

"ఎవరికి?" అన్నారు ఆవిడ.

అతను చేతిలోని పిడతలోకి చూశాడు.

దమయంతి అతన్ని చూస్తూ నిలబడింది. గెలిచినట్టు లేదు ఆమెకి. ఇన్ని నెలలు తను మొత్తుకున్న ఒక్క ముక్క అతని చెవికెక్కడానికి కాలిన వాసం చాలలేదు, తన బొబ్బలు చాలలేదు, పిల్ల దగ్గు చాలలేదు. ఒక అమ్మగారు కావలసి వచ్చింది, అతని చేతిలోనే ఒక అబద్ధం పట్టుబడవలసి వచ్చింది. రేపు గొట్టం దులిపినా, అమ్మగారి ఆజ్ఞ అని ఊళ్ళో చెప్పుకుంటాడు. పెళ్ళాం మాట అని చచ్చినా అనడు.

మాణిక్యాంబ గారు అతని చేతుల్లోంచి పిడత తీసుకుని బాల్చీలో బోర్లించి, చెంబుడు నీళ్ళు పోశారు. నిప్పు చుయ్యిమని ఆరింది. గోడకి ఆనించి ఉన్న వెదురు కర్ర తెచ్చి, ముళ్ళకంప గుత్తి పైకి ఉండేలా అతని చేతిలో పెట్టారు.

"నడవండి, బస్సు పోతుంది," అన్నారు. "పిల్ల ఇంకా ఆ గొట్టం కిందే కూర్చుని ఉంది."